బండి తాళం ఇచ్చే ముందు: తాగి నడిపిన వాహనం ప్రాణం తీస్తే బాధ్యులెవరు

డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి దాకా తిరుపతి చుట్టుపక్కల రోడ్ల మీద రాత్రిపూట రెండు రకాల ప్రయాణాలు ఎదురెదురుగా సాగుతుంటాయి. పూతలపట్టు, పాకాల వైపు నుంచి చంద్రగిరి మీదుగా కొండకు నడిచి వచ్చే భక్తులు, నెత్తిన మూటతో, చెప్పులు లేని కాళ్ళతో, తారురోడ్డు అంచున ఉన్న తెల్లగీతను పట్టుకొని చీకట్లో నడుస్తుంటారు. అదే దారిలో విందులు ముగించుకొని కార్లు, మోటారు సైకిళ్ళు ఇళ్ళకు మళ్ళుతుంటాయి. ప్రమాద నష్టపరిహారం కేసులు చూసే న్యాయవాదిగా నేను ఈ రోజుల్లో అందరికంటే ముందుగా హెచ్చరించాలనుకునేది తాగేవారిని కాదు, వారి చేతికి బండి ఇచ్చేవారిని.

నడిపినవాడి బాధ్యత గురించి అందరికీ కొంత తెలుసు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ళ వరకు శిక్ష ఉంటుంది, పరిస్థితులను బట్టి అంతకంటే తీవ్రమైన 105వ సెక్షన్ (హత్య కిందకు రాని నరహత్య) కూడా రావచ్చు.

డబ్బు బాధ్యత మాత్రం అతనితో ఆగదు. ఉదాహరణకు, నెలకు పదిహేను వేలు సంపాదించే ముప్పై ఏళ్ళ బేల్దారి చనిపోయాడని, అతని మీద భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉన్నారని అనుకుందాం. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేఠీ కేసులోను చెప్పిన లెక్క ప్రకారం, ఏడాది ఆదాయమైన 1,80,000 రూపాయలకు భవిష్యత్తు పెరుగుదల కింద నలభై శాతం కలిపి, అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేసి, మిగిలిన 1,89,000ను అతని వయసుకు వర్తించే గుణకమైన 17తో హెచ్చవేస్తే 32,13,000 రూపాయలు అవుతుంది. అంత్యక్రియలు మొదలైన పద్దులు దీనికి అదనం.

ఈ మొత్తానికి వాహన యజమాని కూడా బాధ్యుడే. బీమా ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి వీలు లేదు. నడిపినవాడు తాగి ఉన్నాడని రుజువైతే, చాలా కేసుల్లో కోర్టులు ముందుగా బాధిత కుటుంబానికి చెల్లించమని బీమా కంపెనీని ఆదేశించి, ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకొమ్మంటున్నాయి. అప్పుడు జప్తుకు వచ్చేది యజమాని ఇల్లు, పొలమే. ఇక పాలసీ గడువే తీరిపోయి ఉంటే, మొదటి రూపాయి నుంచి అతనే కట్టుకోవాలి. కాబట్టి పండుగకు ముందే పాలసీ కాగితం తీసి గడువు తేదీ చూసుకోండి. ట్రావెల్స్, లారీల యజమానులు పనిలో ఉన్న డ్రైవరు చేసిన తప్పుకు తామూ జవాబు చెప్పవలసినవారే కనుక, రాత్రి బండి ఎక్కే ముందు డ్రైవరు తాగాడో లేదో స్వయంగా చూసుకోవాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది అమ్మేసిన బండ్ల సంగతి. ఒక పెద్దాయన మూడేళ్ళ కిందట అమ్మిన మోటారు సైకిలుకు సంబంధించిన నోటీసు పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. కొన్నవాడికి పేరు మార్పిడి కోసం ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చాడు, వాడు వాటిని రవాణా శాఖ ఆఫీసులో ఇవ్వనే లేదు. ఆర్‌సిలో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మిన బండి ఉంటే, పేరు మారిందో లేదో ఈ వారమే రవాణా శాఖ రికార్డులో చూసుకోండి.

పద్దెనిమిది నిండని పిల్లవాడికి బండి ఇచ్చిన తండ్రికి మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. తాగి నడపడానికి ప్రోత్సహించిన స్నేహితుడికి 188వ సెక్షన్ కింద నడిపినవాడితో సమానమైన శిక్షే. మందు పోసిన బారును నష్టపరిహారానికి నేరుగా బాధ్యుణ్ణి చేసే నిబంధన అమెరికాలోని పలు రాష్ట్రాల్లో ఉంది గాని, మన మోటారు వాహనాల చట్టంలో లేదు.

జరగరానిది జరిగితే బాధిత కుటుంబం ఎఫ్‌ఐఆర్, శవపరీక్ష నివేదిక, ఆర్‌సి, పాలసీ నకళ్ళు తీసుకోవాలి. గంటలు గడిచేకొద్దీ రక్తంలో ఆల్కహాలు తగ్గిపోతుంది కనుక డ్రైవరుకు వెంటనే పరీక్ష చేయించమని పోలీసులను గట్టిగా అడగాలి. దుఃఖంలో ఉన్నప్పుడు ఎవరో తెచ్చిన రాజీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగనవసరం లేదు, అందులో డ్రైవరు విడుదలైనా నష్టపరిహారం కేసు నిలబడవచ్చు. నష్టపరిహారం కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. పిటిషన్‌ను ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం కూడా లేదు. చంద్రగిరి దగ్గర ప్రాణం పోయిన భక్తుడిది వేలూరు అయితే, అతని భార్య ఈ కేసులు విచారించే అక్కడి ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు.