మన కాలనీ నుంచి సర్పంచ్‌గా నిలబడాలంటే ముందే చేసుకోవాల్సినవి

శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్లూరుపేట పక్క యానాది (మన ఎస్టీ) కాలనీల్లో ఎవురైనా వార్డు మెంబరుకో సర్పంచుకో నిలబడాలనుకుంటా ఉంటే ఇది చదవండి. రాష్ట్రంలో ఎస్టీ ఎమ్మెల్యే సీట్లు 7, అన్నీ ఏజెన్సీ పక్కనే, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒక్కటి కూడా లేదు. మనకి దిక్కు పంచాయితీనే.

ఫస్ట్ ఓటు చూసుకోండి. నిలబడేదానికి 21 ఏళ్లు నిండాలి, ఆ పంచాయితీ లిస్టులో పేరుండాలి. మనోళ్లు ఇటుక బట్టీలకి పోయొచ్చే లోపల పేరు ఎగిరిపోయుంటాది, లిస్టులో పేరు లేకపోతే చేర్చమని ఫారం 6 పెట్టండి.

కుల సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఏ ఊరి సీటు ఎస్టీకి రిజర్వు పడిందో ఎలక్షన్ దగ్గర పడితే గానీ తెలీదు, ఆ తర్వాత నామినేషన్‌కి ఉండేది రెండు మూడు రోజులే, అప్పుడు పరిగెత్తితే ఎవురూ పలకరు. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, ఓటరు లిస్టులో ఇంకో ఇంటిపేరు ఉంటే అది కూడా సరిచేయించుకోండి. నామినేషన్‌లో మన పేరు ప్రతిపాదించే ప్రపోజరు కూడా అక్కడి ఓటరే అయ్యుండాలి. డిపాజిట్ మనకి సగమే. పార్టీ గుర్తులు ఉండవు.

ఇంక అసలు తలనొప్పి. సీటు ఎస్టీ అనగానే ఊరి పెద్దోళ్లు వచ్చి "నీ పేరు పెడతాం, ఏకగ్రీవం చేసేద్దాం, మిగతాది మేం చూసుకుంటాం లే" అంటారు. ఆ "మిగతాది" అంటే ఏందో గెలిచినాక తెలుస్తాది. ఫైనాన్స్ కమిషన్ డబ్బుల బిల్లు కదలాలంటే పంచాయితీ సెక్రటరీ డిజిటల్ కీ, సర్పంచ్ డిజిటల్ కీ రెండూ పడాల, అంటే కంప్యూటర్లో పెట్టే సంతకం. చూస్తే పెన్‌డ్రైవ్ మాదిరి ఉంటాది అంతే. మా పక్క ఒక సర్పంచక్క కీ నేను చూసింది ఆమె చేతిలో కాదు, కాంట్రాక్టర్ బండి తాళాల గుత్తిలో! కీ, దాని పాస్‌వర్డు ఎవురికీ ఇవ్వద్దండి, ఇంట్లో మొగుడికి కూడా.

బెదిరించి పని చేయనీకపోతే ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో సెక్షన్ 3(1)(ఎం) వచ్చింది, ఎస్సీ, ఎస్టీ సర్పంచుల్ని, మెంబర్లని అడ్డుకుంటే కేసు. ఆ నంబరు గుర్తుంచుకోండి, స్టేషన్లో నోటితో చెప్తే రాసుకోరు, కాగితం మీద రాసిచ్చి రసీదు అడగండి.

తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ మీద సంతకం పెట్టద్దు. చదవను రాకపోతే ఇంటర్ చదివే పిల్లని ఎంటబెట్టుకోని పోండి, ఆ బిడ్డ లైను లైనూ చదివి వినిపించినాకే పెన్ను తీయండి, సెక్రటరీ బస్సు టైం అయిపోతాంది అని గొణిగినా సరే.