డిస్ట్‌యుటిల్స్ లేదంటూ ఆగిపోయిన బిల్లుల ప్రోగ్రాం

కర్నూలు మార్కెట్ యార్డులో మా మామ ఉల్లిగడ్డల మండీకి నేను రాసిచ్చిన బిల్లుల ప్రోగ్రాం, కంప్యూటర్ మార్చగానే 'డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్ లేదు' అని మొరాయించింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చిన పాత కోడ్ భాగం అది. "ఏం అల్లుడూ, నిన్నటిదాకా బాగుండె కదా!" అని మామకు టెన్షన్.

కొత్త కంప్యూటర్‌లో ఉన్నది పైథాన్ 3.12. 2023 అక్టోబరులో వచ్చిన ఈ వెర్షన్‌లో డిస్ట్‌యుటిల్స్‌ను పూర్తిగా తీసేశారు. 3.10 నుంచే హెచ్చరిస్తున్నారు లెండి, మండీలో ఎవరు చదువుతారు?

ముందు 'పిప్ ఇన్‌స్టాల్ సెటప్‌టూల్స్' అనే కమాండ్ కొడితే, డిస్ట్‌యుటిల్స్ కాపీ ఉన్న సెటప్‌టూల్స్ ప్యాకేజీ వచ్చి పని గడిచింది. తర్వాత కోడ్ చూస్తే, బ్యాకప్ ఫోల్డర్ కాపీకి వాడిన డిస్ట్‌యుటిల్స్‌లోని కాపీ_ట్రీ ఒక్కటే అడ్డం. దాని బదులు పైథాన్‌లోనే ఉండే షుటిల్ మాడ్యూల్‌లోని కాపీట్రీ పెట్టి, ఫోల్డర్ ముందే ఉన్నా ఆగకుండా 'డిర్స్_ఎగ్జిస్ట్_ఓకే' ట్రూ చేశాను.

లెక్కలున్న ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఫైలును మాత్రం ముట్టుకునే పనే పడలేదు. ఎస్‌క్యూలైట్‌ను తయారుచేసినవాళ్లు 2050 దాకా సపోర్ట్ చేస్తామంటున్నారు.