టీవీలో గే పాత్రను బేరీజు వేయడం ఎలా

పాత అమెరికన్ సిట్‌కామ్‌నో కొత్త వెబ్ సిరీస్‌నో చూసి అందులోని గే పాత్ర గురించి రాయదలచినవారు ముందుగా ఆ ఎపిసోడ్ ప్రసారమైన సంవత్సరాన్ని నోట్‌బుక్కులో రాసుకోవాలి. 1971లో వచ్చిన ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ సిట్‌కామ్ ఎపిసోడ్‌లో కథానాయకుడు ఆర్చీ బంకర్ నాజూకుగా కనిపించే ఒక యువకుణ్ని గే అని ఎద్దేవా చేస్తాడు, తీరా చూస్తే గే అయినవాడు తనకెంతో ఇష్టమైన స్నేహితుడు, కండలు తిరిగిన మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ స్నేహితుడు ఒక్క ఎపిసోడ్‌తో మాయమైన మాట నిజమే గానీ, నవ్వు అతని మీద కాక ఆర్చీ మూర్ఖత్వం మీద పడటం ఆనాటికి చిన్న విషయం కాదు. అందుచేత మొదటి ప్రశ్న ఇది: ఇక్కడ మనల్ని ఎవరిని చూసి నవ్వమంటున్నారు? మగవాణ్ని ఆడంగిగా నడిపించి నవ్వు పిండుకునే కామెడీ ట్రాకులు మన తెలుగువారికి కొత్త కాదు కనుక, ఈ ప్రశ్న మనకు మరీ అవసరం.

రెండో పనికి సిద్ధంగా ఉన్న కొలబద్ద ఒకటి ఉంది. ‘గ్లాడ్’ అనే అమెరికన్ సంస్థ 2013లో సినిమాల కోసం సినీ చరిత్రకారుడు వీటో రూసో పేరిట ప్రవేశపెట్టిన పరీక్షలో మూడు షరతులున్నాయి: పాత్ర గే అనో, లెస్బియన్ అనో, బైసెక్సువల్ అనో, ట్రాన్స్‌జెండర్ అనో స్పష్టంగా తెలియాలి, ఆ ఒక్క లక్షణమే పాత్ర సర్వస్వం కాకూడదు, పాత్రను తీసేస్తే కథ దెబ్బతినాలి. సీరియల్‌కు వాడేటప్పుడు ఒక్క ఎపిసోడ్ చూసి తీర్పు చెప్పకుండా, కనీసం ఒక సీజన్ పూర్తిగా చూడటం మంచిది.

అయితే ఈ పరీక్షకు అందనిది స్పర్శ. నోట్‌బుక్కులో రెండు గడులు గీసి, ఒకదానిలో ఆడామగా జంటలు, మరొకదానిలో గే జంట, ఎన్నిసార్లు చేయి పట్టుకున్నారో, ముద్దు పెట్టుకున్నారో రాస్తూ పోండి. 2009లో మొదలైన ‘మోడర్న్ ఫ్యామిలీ’ తొలి సీజన్‌లో గే జంట మిచెల్, క్యామ్ ఒక బిడ్డను పెంచుతూ కూడా తెర మీద ముద్దు పెట్టుకోరు. ప్రేక్షకులు ఫేస్‌బుక్‌లో దీనిపై ప్రచారమే నడిపారు. 2010లో, రెండో సీజన్‌లో, ఆ ముద్దు వచ్చింది: కుటుంబమంతా ఉన్న సన్నివేశంలో, ఎక్కడో వెనకాల, క్షణకాలం. అది నిర్మాతల జంకు అనేవారు ఉండవచ్చు. ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నవారి ముద్దు అలాగే ఉంటుందని నా అభిప్రాయం. మీ గడుల్లో అంకెతో పాటు, కెమెరా ఎక్కడ నిలబడిందో కూడా రాసుకోవాలని చెప్పడానికే ఈ ఉదాహరణ.

తర్వాత డబ్బు సంగతి చూడాలి. 1989లో ‘థర్టీసమ్‌థింగ్’లో ఇద్దరు మగవాళ్లు మంచం మీద మాట్లాడుకుంటూ కనిపించినందుకే ప్రకటనదారులు వెనక్కు తగ్గారు. 1997 ఏప్రిల్ 30న ‘ఎలెన్’ కథానాయిక విమానాశ్రయం కౌంటర్ దగ్గర ముందుకు వంగి తాను గే అన్న సంగతి చెప్పబోయి, తెలియకుండానే మైకు నొక్కి అక్కడున్న అందరికీ వినిపించింది. ఆ ఎపిసోడ్‌ను కోట్లమంది చూసినా మరుసటి ఏడాదికే ఆ కార్యక్రమం ఆగిపోయింది. పాత్ర బలహీనంగా ఉందంటే ఆ లోపం రచయితదేనని ముందే తేల్చేయకూడదు.

మన దేశానికి వస్తే, తెరతో పాటు చట్టాన్నీ పక్కన పెట్టుకుని చూడాలి. 2019లో వచ్చిన ‘మేడ్ ఇన్ హెవెన్’లో పెళ్లిళ్లు చేయించే గే పాత్ర కరణ్, ఇంటి యజమాని రహస్యంగా పెట్టిన కెమెరా వల్ల, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ కింద అరెస్టవుతాడు. పరస్పర సమ్మతితో పెద్దల మధ్య జరిగేది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే తీర్పు చెప్పినందున, ప్రేక్షకుడు ఆ సన్నివేశాన్ని నిన్నటి గాయంగా చూస్తాడు. అదే కోర్టు 2023 అక్టోబర్‌లో స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడానికి నిరాకరించింది కనుక, ఊరందరి పెళ్లిళ్లూ చేయించే కరణ్ వృత్తిలోని వ్యంగ్యం మాత్రం ఇంకా పాతబడలేదు.

ఇక రాసేటప్పుడు మాట విషయంలో జాగ్రత్త పడాలి. వార్తల్లో నలిగిన ‘స్వలింగ సంపర్కుడు’ అనే పదం మనిషి కన్నా ముందు పడకను చూపిస్తుంది. ‘గే’ అని రాసినా, ‘స్వలింగ ప్రేమికుడు’ అని రాసినా, వ్యాసం మొదటి నుంచి చివరిదాకా అదే పదాన్ని వాడండి.