రైమ్స్ పుస్తకం కంఠతా వచ్చింది, చదవడం రాలేదు: ఎక్కడ ఆగింది, ఏం చేయాలి

ప్రాస పదాలతో నడిచే బొమ్మల పుస్తకాలతో పిల్లలకు ఇంగ్లీషు ఫోనిక్స్ (అక్షరాల ధ్వనులు కలిపి పదం చదివే పద్ధతి) మొదలుపెట్టిన వాళ్లు, ఇంట్లో అమ్మానాన్నలైనా బడిలో టీచర్లైనా, ఇంచుమించు ఒకే చోట్ల ఆగిపోతుంటారు. ఈ పుస్తకాలు చెవిని సిద్ధం చేస్తాయి. ఫలానా ధ్వనికి ఫలానా అక్షరం అన్న సంగతి మాత్రం వాటంతటవే నేర్పవు. ఆ పని పక్కన కూర్చున్న పెద్దవాళ్లే చేయాలి. కింది సమస్యల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

పుస్తకమంతా గడగడా చెప్పేస్తుంది, విడిగా పదం చూపిస్తే చదవలేదు

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పుస్తకంలో ఉన్న 'హ్యాట్' అనే పదాన్ని చీటీ మీద రాసి, పుస్తకం మూసేసి చూపించండి. పాప తెల్లమొహం వేసిందంటే, ఇన్నాళ్లూ బొమ్మ చూసి, గుర్తున్నది చెప్పిందన్నమాట. ఇందులో పాప తప్పేమీ లేదు. పెద్దవాళ్లు చదివి వినిపిస్తుంటే చిన్నపిల్లల చూపు ఎటు పోతుందో కెనడా పరిశోధకులు కళ్ల కదలికలను కొలిచి చూసి, 2005లో ఆ వివరాలు ప్రచురించారు. చూపు దాదాపు అంతా బొమ్మల మీదే ఉంది, అక్షరాల మీద పడింది చాలా తక్కువ.

పుస్తకం మార్చక్కర్లేదు. కంఠతా వచ్చిన పుస్తకమే ఈ పనికి మంచిది. పదం ఏమిటో ముందే తెలుసు కాబట్టి పాప ధ్యాసంతా అక్షరాల మీద పెట్టొచ్చు. మొదటిసారి కథ కోసం ఎక్కడా ఆపకుండా చదవండి. రెండోసారి ఒక్క పేజీ దగ్గరే ఆగి, ప్రాస కలిసే రెండు పదాల కింద వేలు పెట్టి చదవండి. తర్వాత ప్లాస్టిక్ అక్షరాలతో 'హ్యాట్' పేర్చి, 'హ్' ధ్వని ఇచ్చే అక్షరం తీసేసి 'క్' ధ్వని ఇచ్చేది పెట్టించండి. చెవికి వినిపించిన మార్పు చేతుల్లో కూడా జరగాలి. ప్లాస్టిక్ అక్షరాలు లేకపోతే కాగితం ముక్కలు చాలు.

ఈ మెట్టు దాటవేయొద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రాడ్లీ, బ్రయంట్ 1983లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరు పిల్లలకు ధ్వనిని బట్టి పదాలను జట్లు చేయడం నేర్పారు. ఇంకొందరికి అదే నేర్పుతూ, దానికి తోడు ప్లాస్టిక్ అక్షరాలు కూడా ఇచ్చారు. చదవడంలో, స్పెల్లింగులో బాగా ముందుకెళ్లింది ఈ రెండో జట్టే.

ధ్వనులు విడివిడిగా చెబుతాడు, కలిపి పదం చేయలేడు

తెలుగు మాట్లాడే వాళ్లకు ఇది తప్పకుండా తగిలే ఇబ్బంది. మన 'క'లో 'అ' కలిసే ఉంటుంది. ఆ అలవాటుతోనే ఇంగ్లీషు అక్షరాలకు కూడా 'క', 'బ', 'ట' అని చెప్పేస్తాం. అప్పుడు బాబు చెవిలో పడేది 'బ-యా-ట'. దాన్ని ఎంత వేగంగా కలిపినా 'బ్యాట్' రాదు. పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి క్యాటు, బ్యాటు, బస్సు అనడం మనకు సహజం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అలా అంటే నష్టమేమీ లేదు. కానీ ప్రాస ఉండేది పదం చివరే. పుస్తకం చదివేటప్పుడు ఆ చివర మీద అదనంగా 'ఉ' చేరకుండా చూసుకోవాలి.

పొల్లు అక్షరాల్లా పలకండి: క్, బ్, ట్. అంతకంటే ముందు, సాగదీయడానికి వీలున్న ధ్వనులతో మొదలుపెడితే పని ఇంకా తేలిక. మ్, స్, న్, ఫ్ సాగుతాయి. 'మ్మ్మ్యాన్', 'స్స్సన్' అని ఊపిరి ఆపకుండా ఒక ధ్వనిలోంచి ఇంకో ధ్వనిలోకి జారిపోవచ్చు. క్, ట్, బ్ అలా సాగవు, వాటిని తర్వాతకు ఉంచండి.

ప్రాస పుస్తకం అసలు సాయం ఇక్కడే దొరుకుతుంది. సన్, రన్, ఫన్ వినీ వినీ 'అన్' అనే ముక్క బాబు చెవిలో కుదురుకుని ఉంటుంది. కాబట్టి మూడు ధ్వనులు కలపమనకుండా 'స్... అన్' అని రెండు ముక్కలే కలపమనండి. అది బాగా వచ్చాక 'అన్'ని కూడా విడగొట్టండి. ఈ దశలో 'బి ఎ టి బ్యాట్' అని అక్షరాల పేర్లు వల్లె వేయించొద్దు. పేర్లు కలిపితే పదం రాదు, ధ్వనులు కలిపితేనే వస్తుంది.

మొదటి అక్షరం చూసి, మిగతాది ఊహించేస్తుంది

'క్యాప్' చూపిస్తే 'క్యాట్' అంటుంది. దీనికి కారణం చాలాసార్లు మన పద్ధతే. క్యాట్, హ్యాట్, మ్యాట్, ర్యాట్ అని రోజూ ఒకే కుటుంబం చదివిస్తే, మారేది మొదటి అక్షరం ఒక్కటే. మిగతావి చూడాల్సిన అవసరమే పాపకు రాలేదు.

అందుకే ఒక ప్రాస కుటుంబం వచ్చిన వెంటనే చివరి అక్షరం మార్చండి: క్యాట్, క్యాప్, క్యాన్. అది కుదిరాక మధ్యలో అచ్చు మార్చండి: హ్యాట్, హిట్, హాట్, హట్. అన్నిటికంటే కష్టం ఈ మధ్య అచ్చే, దానికి వారాలు పట్టినా తొందరపెట్టొద్దు. చదివేటప్పుడు బొమ్మను చేత్తో కప్పి, ముందు పదం చదివించి, సరిపోయిందో లేదో చూసుకోవడానికి చెయ్యి తీయండి. బొమ్మ చూసి పదం చెప్పడం వేరు, చదివిన పదాన్ని బొమ్మతో సరిచూసుకోవడం వేరు.

'క్యాట్'కి ప్రాస చెప్పమంటే 'డాగ్' అంటాడు

బాబు ఇంకా అర్థం దగ్గరే ఉన్నాడు, శబ్దం దాకా రాలేదు. కొందరు 'కప్' అని మొదటి ధ్వని కలుపుతారు. అది కూడా ముందడుగే, తప్పని కొట్టేయొద్దు. ప్రాస గుర్తుపట్టడం ముందు వస్తుంది, సొంతంగా చెప్పడం తర్వాత వస్తుంది. మనం రెండోదే ముందు అడిగేస్తుంటాం. 'క్యాట్, హ్యాట్ కలిశాయా?' అని అవును, కాదులతో మొదలుపెట్టి, తర్వాత మూడు పదాల్లో కలవనిది తీయమనండి. తెలుగులోనే మొదలుపెడితే ఇంకా మంచిది: పాట, బాట, మేక. తెలిసిన భాషలో చెవికి పట్టుబడింది ఇంగ్లీషుకీ పనికొస్తుంది. 'క్యాట్'కి 'జ్యాట్' అని అర్థం లేని పదం చెప్పినా మెచ్చుకోండి. బాబు శబ్దాన్ని పట్టుకున్నాడు, ప్రస్తుతానికి కావాల్సింది అదే.

చెవికి ప్రాస కలిసింది, స్పెల్లింగ్ కలవలేదు

బేర్ (ఎలుగుబంటి), చెయిర్, వేర్ (ఎక్కడ) చెవికి చక్కగా కలుస్తాయి. రాసి చూస్తే చివరి భాగం మూడింటికీ మూడు రకాలు. కమ్, హోమ్‌లలో చివరి మూడు అక్షరాలూ ఒకటే, చదివితే కలవవు. ఇంగ్లీషులో ఉన్నవి 26 అక్షరాలు, ధ్వనులు సుమారు 44 కాబట్టి ఇది తప్పదు. ఇలాంటి పుస్తకాన్ని పక్కన పెట్టేయనక్కర్లేదు, కథ కోసం, చెవి కోసం హాయిగా చదవండి. అక్షరాల పనికి మాత్రం ధ్వనీ రాతా రెండూ కలిసే పేజీలనే ఎంచుకోండి. కొనేముందు ఒక పేజీలోని ప్రాస పదాలు చివర ఒకేలా రాసి ఉన్నాయో లేదో చూస్తే సరిపోతుంది.

చివరి పదం దగ్గర ఆపితే పూరించడం లేదు

చదువుతూ ప్రాస పదం ముందు ఆగి, దాన్ని పాపను చెప్పమంటే చెప్పడం లేదంటే సాధారణంగా రెండు కారణాలు. ఆ పదం పాపకు అసలు తెలియదు, లేదా మీరు ఆగింది చాలదు. పదం అర్థం ముందే చెప్పి, ఆగినప్పుడు మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి.

నెలల తరబడి చేసినా ప్రాస అసలు పట్టుబడడం లేదు

అయిదారేళ్లు వచ్చినా తెలుగులో కూడా కలిసే మాట, కలవని మాట తేడా తెలియకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. చిన్నపిల్లల్లో మధ్య చెవిలో నీరు చేరడం మామూలే, అప్పుడు మాటలు మందంగా వినిపిస్తాయి. వినికిడి బాగానే ఉండి, మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలైనా, ఇంట్లో ఎవరికైనా చదవడంలో ఇబ్బంది ఉన్నా, ఆ సంగతి పిల్లల డాక్టరుకు చెప్పండి. ప్రాస పట్టుబడకపోవడం డిస్లెక్సియా (చదవడం, స్పెల్లింగ్ నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) తొలి సూచనల్లో ఒకటి కావచ్చు. అంతమాత్రాన అదేనని మీరే తేల్చేసుకుని టెన్షన్ పడొద్దు. పరీక్షకు తీసుకెళ్లేటప్పుడు పిల్లలు ఏ పదాల దగ్గర తడబడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, చూసేవాళ్లకు అది బాగా ఉపయోగపడుతుంది.