పాత కారులో పెట్రోల్ పంపు మార్చాను, ట్యాంకు దించకుండానే

సెకండ్ హ్యాండ్‌లో కొన్న పదిహేనేళ్ల పెట్రోల్ కారు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది, అరగంట చల్లబడితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. పిల్లలతో హైవే మీద అలా ఆగిన రోజు పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

తాళం తిప్పగానే వెనక సీటు కింద రెండు సెకన్లపాటు గుయ్‌మని పంపు చప్పుడు రావాలి, ట్యాంకులోంచి ఇంజన్‌కు పెట్రోల్ పంపేది అదే. ఆగినప్పుడల్లా ఆ చప్పుడు లేదు. ఫ్యూజు బాగుంది. పంపు కనెక్టర్‌కు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) పెడితే 12 వోల్టులు వస్తున్నాయి, ఎర్త్ కూడా బాగానే ఉంది. అంటే తప్పు పంపుదే.

ట్యాంకు దించాలన్నాడు మెకానిక్. అక్కర్లేదు. వెనక సీటు ఎత్తితే కార్పెట్ కింద నాలుగు స్క్రూల మూత ఉంది, పంపు దాని కిందే. కొన్ని మోడళ్లకు ఈ మూత ఉండదు, వాటికి మాత్రం దించాల్సిందే.

ఇంజన్ చల్లారాక పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపాను. పైపులో ప్రెషర్ పోవాలంటే ఇది తప్పదు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఆరుబయటే పని చేశాను. మూత కింద ఏళ్ల తరబడి పేరుకున్న మట్టిని ఓపిగ్గా తుడిచాను, లేకపోతే అదంతా ట్యాంకులోకే.

పెట్రోల్ వడకట్టే పంపు జాలీ నల్లగా మూసుకుపోయింది. పంపు, జాలీ, రబ్బరు సీలు మూడూ కొత్తవి వేశాను. దయచేసి పాత సీలు మళ్లీ వాడకండి, పెట్రోల్ లీకవుతుంది.

ఇప్పుడు ట్యాంకు పావు కంటే తగ్గనివ్వను. పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.