చీమల బారు దగ్గరి దారిని ఎలా ఎంచుకుంటుందో ఇంట్లోనే పరీక్షించడం ఎలా?

బెల్లం డబ్బా చుట్టూ చేరే చిన్న నల్ల చీమలలో ఏ ఒక్కదానికీ దారి మొత్తం తెలియదు. అయినా రెండు దారులున్నప్పుడు బారు సాధారణంగా దగ్గరి దానికే మళ్లుతుంది. ఈ నిర్ణయం ఎక్కడ జరుగుతుందో చూడడానికి అట్టముక్క, తెల్ల కాగితం, కాస్త బెల్లం పాకం, ఫోన్ కెమెరా ఉంటే చాలు.

వరంగల్ ఎండలకు మధ్యాహ్నం గచ్చు కాలిపోతుంది కనుక వేసవిలో ఈ పనిని పొద్దున్నే గానీ, పొద్దుగూకిన తరువాత గానీ పెట్టుకోవాలి. కుట్టే ఎర్రచీమల జోలికి వెళ్లవద్దు. చీమల మందు చల్లిన చోటు కూడా పనికిరాదు.

ముందుగా చీమల రంధ్రానికి కొంత దూరంలో సీసా మూతలో పాకం చుక్క ఉంచి, నడుమ కాగితం పరచండి. కడుపు నిండి తిరిగి వెళ్లే చీమను దగ్గరగా గమనిస్తే, అది పొట్ట చివరను నేలకు తాకిస్తూ నడవడం కనిపించవచ్చు. వాసన గీత పడేది అక్కడే. బారు కుదిరిన తరువాత కాగితాన్ని ఎత్తి, ఉన్నచోటనే, ఉన్నట్టుగానే తిరిగి పెట్టండి. కదిలించినందుకే చీమలు తడబడుతున్నాయా అన్నది దీనితో తేలుతుంది కనుక ఈ మెట్టును దాటవేయకూడదు. ఆ తరువాత కాగితాన్ని పావు వంతు తిప్పండి. వాసనను నమ్మే చీమలైతే అంచు దగ్గర ఆగి, మీసాలను అటూ ఇటూ ఆడిస్తూ తెగిన గీతను వెతుక్కుంటాయి.

చీమలన్నీ వాసన మీదనే ఆధారపడవు. సహారా ఎడారి చీమలు అడుగుల లెక్కతో దూరాన్ని కొలుస్తాయి. 2006లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో వాటి కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి పొడవు పెంచితే, తిరుగు ప్రయాణంలో అవి గూడును దాటి ముందుకు పోయాయి. కాబట్టి మీ ఇంటి చీమలు తిప్పిన కాగితం మీద తడబడకపోతే తరువాతి పరీక్ష వాటితో చేయవద్దు.

ఇప్పుడు వంతెన. చీమలు పట్టకుండా గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. అదే పద్ధతిలో నీళ్ల నడుమ బోర్లించిన గిన్నె మీద పాకం ఉంచి, అట్ట వంతెన ఒక్కటే దారిగా మిగల్చండి. వంతెన మధ్యలో రెండు పాయలు కత్తిరించాలి: ఒకటి 10 సెంటీమీటర్లు, మరొకటి 20. చీలే చోట రెండూ ఒకే కోణంలో పక్కకు తిరగాలి, లేకపోతే తిన్నగా ఉన్న పాయకే చీమలు పోతాయి.

మొదట రెండింటి మీదా చీమలు కనిపిస్తాయి. పొట్టి పాయలో వెళ్లినవి ముందుగా తిరిగి వస్తాయి కనుక దాని మీద వాసన ముందుగా చిక్కబడుతుంది, తరువాతివి అటే మొగ్గుతాయి. అర్జెంటీనా చీమల మీద ఇటువంటి వంతెనతో చేసిన ప్రయోగం 1989లో వెలువడింది. ఈ సూత్రాన్నే కంప్యూటర్ శాస్త్రవేత్త మార్కో డొరిగో 1992లో కంప్యూటర్ లెక్కలకు మలిచారు.

కుడి ఎడమల మొగ్గు ఫలితాన్ని చెడగొట్టకుండా, పాయలను తారుమారు చేసిన కొత్త అట్టతో మళ్లీ చేయండి. నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైన మార్పు మరొకటి: మొదట పొడవు పాయ ఒక్కటే ఇచ్చి, అరగంట తరువాత పొట్టిదాన్ని జోడించండి. 1989 ప్రయోగంలో అర్జెంటీనా చీమలు చాలావరకు పాత దారినే పట్టుకుని ఉండిపోయాయి. మీ చీమలు ఏం చేశాయో వీడియోలో ఒక్కో పాయ మీద దాటిన వాటిని లెక్కించి రాసుకోండి.