నెట్‌లో పరిచయమైన మనిషిని మొదటిసారి కలవబోయే ముందు

మా చిన్నాన్న కూతురు అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటోంది. నెలన్నరగా నెట్‌లో మాట్లాడుతున్న అబ్బాయిని ఆదివారం మొదటిసారి కలవాలనుకుంది. శుక్రవారం రాత్రి మా ఇంటికొస్తే ఇద్దరం కూర్చుని 2008లో వచ్చిన ‘అన్‌ట్రేసబుల్’ చూశాం. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక హంతకుడు మనుషుల్ని ఎత్తుకెళ్లి, వాళ్ల చావును వెబ్‌సైట్లో లైవ్‌గా చూపిస్తుంటాడు. చూసేవాళ్లు పెరిగేకొద్దీ చావు తొందరగా వస్తుంది. వాణ్ణి వెతికే ఎఫ్‌బీఐ అధికారిగా డయాన్ లేన్ నటించింది. సినిమా అయ్యేసరికి పిల్ల ముఖం పాలిపోయింది. "అక్కా, ఎల్లుండి వెళ్లనా, మానెయ్యనా?" అంది.

వెళ్లమనే చెప్పాను. భయపెట్టి ఆపితే రేపు ఎవరికీ చెప్పకుండా వెళ్తుంది. దానికంటే ప్రమాదం ఇంకోటి లేదు. కాకపోతే ఆ రాత్రి కొన్ని సంగతులు కూర్చోబెట్టి చెప్పాను.

అన్నిటికంటే ముఖ్యం చోటు. ఎక్కడ కలవాలో నువ్వే చెప్పు. చెడ్డ ఉద్దేశం ఉన్నవాడికి ముందు కావాల్సింది తనకు అనువైన చోటు, అదే దొరక్కుండా చెయ్యాలి. పంజాగుట్టలోనో కూకట్‌పల్లిలోనో జనం తిరిగే మాల్‌లో ఫుడ్ కోర్ట్ చాలు, అదీ పగటిపూట. మెట్రో స్టేషన్‌కి దగ్గరైతే మరీ మంచిది. నీ అంతట నువ్వు వెళ్తావు, నీ అంతట నువ్వు వస్తావు, హాస్టల్ ఏ వీధిలో ఉందో అతనికి తెలియాల్సిన పనే లేదు. దింపుతానంటే వద్దను. గండిపేట వెళ్దాం, అనంతగిరి వెళ్దాం, ఔటర్ మీద అలా తిరిగొద్దాం అనేవి మొదటి రోజు మాటలు కావు. తీరా నువ్వు బయల్దేరాక "ఇక్కడ పార్కింగ్ లేదు, నార్సింగి వైపు రా" అని ఫోన్ వస్తే, కారణం ఎంత సబబుగా ఉన్నా వెనక్కి తిరిగి వచ్చెయ్. మంచివాడైతే ఇంకోరోజు వస్తాడు.

వెళ్లే ముందే ఒకసారి వీడియో కాల్ చెయ్యి. మొహం పక్కకి తిప్పమను, చెయ్యి మొహానికి అడ్డంగా కదపమను. కంప్యూటర్‌తో తయారుచేసిన నకిలీ మొహాలు చాలాసార్లు అక్కడ చెదిరిపోతాయి. అలా చెదరలేదని పూర్తిగా నమ్మెయ్యకు. అతను పంపిన ఫొటోని గూగుల్ లెన్స్‌లో వెతికి చూడు, వేరే పేరుతో ఇంకెక్కడైనా కనిపిస్తే అక్కడితో ఆపెయ్. నీ ఫొటోల వెనక హాస్టల్ బోర్డు, కిటికీలోంచి కనిపించే వీధి పడకుండా చూసుకో. వాట్సాప్‌లో ఫొటోని డాక్యుమెంట్‌గా పంపితే తీసిన చోటు వివరాలు కూడా అందులోనే వెళ్లిపోవచ్చు.

ఇక ఇంటివాళ్ల సంగతి. వాట్సాప్‌లో నాకు లైవ్ లొకేషన్ 8 గంటలపాటు కనిపించేలా పెట్టి వెళ్లు అన్నాను. "నన్ను కాపలా కాస్తావా?" అని చిన్నబుచ్చుకుంది. కాపలా కాదమ్మా, లొకేషన్ ఒక్కచోటే ఆగిపోతే ఎవరో ఒకరు గమనించాలి కదా. సాయంత్రం 6:30కి నేను ఫోన్ చేస్తాను. "అమ్మ మాత్ర వేసుకుందా?" అని నువ్వు అడిగితే ఏదో తేడాగా ఉందని అర్థం, నేను బయల్దేరతాను. రెండోసారి కూడా ఎత్తకపోతే 100కి చేస్తాను. 112 అయినా సరే. చాలా ఫోన్లలో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది, అది ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూసుకో. ఆడవాళ్ల రక్షణకి పోలీసులు పెట్టిన షీ టీమ్స్ 2014 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తున్నాయి. వెంటపడినా వేధించినా వాళ్లకి చెప్పొచ్చు, నీ పేరు బయటికి రాదు.

కొన్నాళ్ల తర్వాత డబ్బు అడిగినా, ఫొటోలు బయటపెడతానని బెదిరించినా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. సిగ్గుపడి చాట్ చెరిపెయ్యకు, అదే సాక్ష్యం. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే అంత ఆపగలుగుతారు. ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు.

ఇవన్నీ ఆడపిల్లలకే అనుకోవద్దు. ఆ సినిమాలో బలైనవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. నెట్‌లో చూసి పాత బైక్ కొనడానికి డబ్బు జేబులో పెట్టుకుని ఒంటరిగా వెళ్లే తమ్ముళ్లకీ చోటు, సమయం, ఫోన్ చేసే మనిషి కావాలి.

సినిమా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది, చూసేవాళ్లు ఎంతమందో చూపిస్తూ పెరిగే ఆ అంకె దగ్గర. ఒక మనిషి చస్తున్న వీడియో మన గ్రూపులోకి వస్తే తెరవకూడదు, పంపకూడదు. తెరిచిన ప్రతివాడూ ఆ అంకెని ఒకటి పెంచినట్టే. గ్రూపులో రిపోర్ట్ చేసి, పంపినవాళ్లకి ఎందుకు పంపొద్దో చెప్పండి.

ఆదివారం 6:30కి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. మెట్రోలో ఉన్నానంది.